చేతులు యాడ పెట్టుకోవాల

నలుగురు పిలకాయలు,
ఇంటరు రెండో సంవత్సరం, గవర్నమెంటు కాలేజీ.
హాల్ టికెట్లు ఇంకా రాలేదు,
ఫొటోలు మాత్రం ముందే కావాలంట.
స్టూడియోలో వద్దన్నారు.
మా నాయన రంగులేయించిన జలపాతం తెర
వాళ్ల ముందర దింపి, మళ్లీ చుట్టి పెట్టినా.
"మన బజార్లోనే తియ్యన్నా" అన్నాడు జ్ఞానశేఖర్.
"ఫారిన్ మాదిరి రావాల" అన్నాడు మునితేజ.
రెండూ ఒకే ఫొటోలో ఎట్లొస్తాయని
ఒక్కడికీ అనుమానం రాలేదు.

అందుకే శనివారం తెల్లారకముందే
కెమెరా లేకుండా బయల్దేరినా.
జేబులో పాత బిల్లు పుస్తకం, చెవి మీద పెన్సిలు ముక్క.

ఆరుంపావుకి చర్చి వీధి మలుపులో
ఎండ ఇంకా మేడల నెత్తినే ఉండాది.
ఆరున్నరకి ఇత్తడి సామాన్ల అంగడి షట్టరు మీదికి దిగింది.
నీలం రంగు, అంచుల్లో తుప్పు.
*తమీమ్‌కి ఇదే* అని రాసుకున్నా.
ఎనిమిదికంతా షట్టరెత్తేస్తాడు శెట్టి.
పదినిమిషాలు ఆగమంటే ఆగుతాడా?
ఆగుతాడు.
మనవడి పుట్టెంటికల ఆల్బం బాకీ ఇంకా ఉండాది.

టైలరంగడి పక్కన మేడ మెట్లు, గుంపు ఫొటోకి.
పొడుగోడు కింద, పొట్టోడు పైన.
మూడో మెట్టు విరిగింది, చెప్పాల.

గాంధీ బొమ్మ కాడ వద్దు.
పూలబుట్టలు దిగే టయం అదే,
ఆరూ నలబైకి వేలూరు బస్సొచ్చి
ఏ ఫ్రేము పెట్టినా దూరిపోతుంది.
కొట్టేసినా.
నాలుగడుగులు పొయ్యినాక గుర్తొచ్చింది,
గుడిపాల నుంచి హేమాద్రి రోజూ వచ్చేది ఆ బస్సులోనే.
కొట్టేసిన గీతను వేలితో రుద్దినా,
పోలేదు, మసకబారింది.

బట్టలు: నల్ల చొక్కాలు వద్దన్నా.
నలుగురూ నల్లవే తెస్తారు, నాకు తెలుసు.
నలుగురికీ కలిపి ఒక చలవద్దాలు.
నలుగురికీ కలిపి ఒక కోటు,
జ్ఞానశేఖర్ వాళ్ల చిన్నాయనది,
ఎవురేసుకున్నా భుజాలు జారతాయి.
*వీపుకి బట్టల క్లిప్పులు నాలుగు, చేతులకి రెండు.*

కాళ్లు ఎట్లన్నా నిలబడతాయి.
మొహానికైతే ఒక ఎగతాళి మాట చాలు.
చేతులతోనే తంటా.
పదిహేడేండ్ల మగపిల్లోడి చేతులు
కెమెరా ముందర
ఎవురివో అడుక్కొచ్చినట్లుంటాయి.
జేబులో దూరుస్తారు, తీస్తారు,
మీసం రాబోయే తావు తడుముకుంటారు,
"చేతులు యాడ పెట్టుకోవాలన్నా" అంటారు.
ఇరవై రెండేండ్లుగా అడుగుతానే ఉండారు.
ఇరవై రెండేండ్లుగా నేను చెప్పేది అబద్ధమే:
"ఇంట్లో ఎట్లుంటావో అట్లుండు."

బేరానికొచ్చిన రోజు ముగ్గురూ
నా గల్లాబల్ల మీద వాలి రేటు కోసం అరస్తా ఉంటే
హేమాద్రి చేతులు వీపెనకాలే ఉండాయి.
దర్గా సర్కిలు కాడ బండ్ల షెడ్డులో సాయంత్రం పని.
గోళ్ల సందున ఇంజనాయిలు
సర్ఫుకి పోదు, పెట్రోలుకీ పోదు.
పోతాపోతా వెనక్కొచ్చి
"నన్ను భుజాల వరకే తియ్యన్నా" అన్నాడు.

షెడ్డు దాకా నడిచినా.
మూసుండాది. ఏడయింది.
వాకిట్లో ఎండ, నూనె తాగిన నల్లనేల,
కిందనుంచి పైకి తేలే వెలుతురు.
నాలుగువేలు పెట్టి కొన్న నా వెండి రేకు
ఇంత పని ఎప్పుడూ చెయ్యలేదు.
ఇక్కడ కూర్చోబెట్టి, మోకాళ్ల మీద ఆ చేతులు పెట్టించి...
నాకు ఒళ్లు పులకరించింది.
అక్కడే నిలబడి ఫోను చేసినా.

వాడు నిద్రలోనే విన్నాడు.
శానాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది.
"రోజూ ఉండేది ఆడేగదన్నా" అన్నాడు,
"ఒక్కరోజు లేనట్లు తియ్యి."

ఎండ వాకిలి దాటి లోపలికి పొయ్యింది.
నేను రోడ్డు మీదే కూలబడి
బిల్లు పుస్తకం తొడ మీద పెట్టుకుని రాసినా:

*హేమాద్రి. ఆదివారం, ఆరూ నలబై.
వేలూరు బస్సు ముందర. డ్రైవరుతో మాట్లాడాల.
నిలువెత్తు.
కోటు మొదట వీడికే.*

ఆ కోటు చేతులు వేలికొసల దాకా వస్తాయి.
పైకెక్కి చూసి,
చేతులకని రాసుకున్న రెండు క్లిప్పులూ
కొట్టేసినా.